ఆంగ్లమున ‘ఎ – అన్’ సూత్రము: నిమిత్తవిచారము

2022–23వ విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడినది. కావున మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూరు గనికార్మికుల బిడ్డలును నేఁడు పసితనముననే యాంగ్లవ్యాకరణసూత్రములు వల్లించుచున్నారు. (1814లో విలియం కేరీ దొర మన తెలుఁగునకు ఆంగ్లమున వ్యాకరణము ముద్రింపించిన శ్రీరామపురము వంగదేశములోనిది, ఇది వేఱు.) ఆ సూత్రములలో నొకదానిని విమర్శించుట యీ వ్యాసమున కుద్దేశము.

బాలబోధినులలోఁ బెక్కింట సూత్ర మిట్లుండును: ఏ, ఈ, ఐ, ఓ, యూ అను నైదక్షరములు అచ్చులు, వీనితో మొదలగు పదమునకు ముందు ‘అన్’, తక్కినచోట్ల ‘ఎ’ నిలుచును.

దీనికి అవ్యాప్తి, అతివ్యాప్తి రెండును గలవు. గంట యను నర్థముగల ‘అవర్’ శబ్దము హెచ్ అక్షరముతో వ్రాయఁబడినను ‘అన్ అవర్’ అనియే యందురు. ‘యూనివర్సిటీ’ శబ్దము యూ అక్షరముతో మొదలైనను దానికి ముందు ‘ఎ’ యే నిలుచును. ఇట్టివానిని అపవాదములని పట్టికగట్టి కంఠస్థము చేయింతురు. ఉత్సర్గమును దప్పుగాఁ జెప్పి యపవాదములను బెంచుట యెక్కడి లాఘవము? నిమిత్తము ధ్వని గాని లిపి గాదు. అచ్చులలో లెక్కింపఁబడిన ‘యూ’ అక్షరము పేరే యకారముతో మొదలగుచున్నది. హల్లని చెప్పఁబడు ‘ఎస్’ పేరు ఎకారాదిగా నున్నది. అందువలననే ‘ఎ యూ’ యనియు ‘అన్ ఎస్’ అనియు వ్యవహారము.

ఈ ధర్మము మన బాలునకుఁ గ్రొత్తది గాదు. ‘అధర్మము’, ‘అనాదరము’ అను మాటలు వాఁ డెఱుఁగును. హల్లు పరమైనపుడు ‘అ’, అచ్చు పరమైనపుడు ‘అన్’. పాణిని యిచట నఞులోని నకారమునకు లోపము చెప్పి, అచ్చు పరమగునపుడు నుడాగమము విధించెను. ఆంగ్లమునఁ జరిత్ర వేఱు: ఏకత్వవాచకమైన ‘ఆన్’ అను ప్రాచీనశబ్దమే యీ ‘అన్’. అచ్చునకు ముందు నకారము నిలిచినది, హల్లునకు ముందు లోపించినది. అనఁగా ‘అన్’ పాతది, ‘ఎ’ తరువాతిది. బాలబోధినులు ‘ఎ’ను మొదటఁ జెప్పుటను నేను దప్పుపట్టను, ప్రక్రియ యెట్లైనను సాగును, నిమిత్తము తప్పరాదు.

ఆంగ్లేయులే యొకప్పు డీ నకారముతోఁ జిక్కుపడిరి. ‘ఎ నేప్రన్’ అను దానిని ‘అన్ ఏప్రన్’ అని విఱిచికొనుటచేతనే నేఁటి ‘ఏప్రన్’ శబ్ద మేర్పడినది. పాము పేరైన ‘ఆడర్’ సైతము నకారమును బోఁగొట్టుకొన్నదియే. చెవికి వినఁబడుదానినే యనుసరించిరనుట కింతకంటె సాక్ష్య మేల?

అయితే చెవినే నమ్ముమని చెప్పిన మాత్రమునఁ దెలుఁగుబాలునకుఁ బని ముగియదు. మన నోట పదాదియందలి ఎకారము ‘యె’ యగును, ఒకారము ‘వొ’ యగును. ‘ఎవరు’ అని వ్రాసి ‘యెవరు’ అందుము. ఆ యలవాటున గ్రుడ్డును ‘యెగ్గు’ అను బాలునకు హల్లే వినఁబడును. వాఁడు ‘ఎ యెగ్గు’ అన్నచో సూత్రమును బాటించినవాఁడే. ఉపాధ్యాయుఁడు దిద్దవలసినది ఆ యకారమును. ‘యూనివర్సిటీ’లోనో యకారము నిజముగా నున్నది. ఈ రెండుమాటలను బ్రక్కప్రక్కనఁ బలికించి, పిమ్మటఁ బలకమీఁద వ్రాయింపవలెను.