సందేశం – సమాధానం: సామాజిక మాధ్యమాల్లో ‘వెలివాడ’

జాషువ ‘గబ్బిలం’ (1941) లోని అస్పృశ్య నాయకుడు తన గోడును కాశీలోని శివునికి విన్నవించడానికి గబ్బిలాన్ని దూతగా ఎంచుకుంటాడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి దానికి ప్రవేశం ఉంది. అయితే సందేశం చేరడం వేరు, సమాధానం రావడం వేరు. సామాజిక మాధ్యమాల ఉద్యమశక్తిని అంచనా వేయడానికి ఈ భేదం కీలకం.

హైదరాబాదు విశ్వవిద్యాలయ వసతిగృహాల నుండి బహిష్కృతులైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో ఆవరణలోనే గుడారం వేసుకొని, దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న మరణించారు. ఆయన ఆంగ్లంలో రాసిన చివరి లేఖ ఫేస్‌బుక్, ట్విట్టర్, వాట్సాప్‌ల ద్వారా అతివేగంగా వ్యాపించింది. పలు నగరాల్లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు.

ఆ లేఖతోపాటు ‘వెలివాడ’ అనే తెలుగు మాట కూడా ఎల్లలు దాటింది. ‘వెలి’ అంటే వెలుపల. వెలివేయడం అంటే బహిష్కరించడం. ఊరు పెట్టిన ఆ పేరును విద్యార్థులు తామే ఎత్తుకోవడంతో, విశ్వవిద్యాలయమూ ఒక ఊరేనన్న అభియోగం ఒక్క మాటలో రూపుకట్టింది. ఈ అర్థాన్ని సృష్టించింది మాధ్యమం కాదు. ‘చిక్కనవుతున్న పాట’ (1995) వంటి సంకలనాల ద్వారా దళిత కవిత్వం ఆ మాటను వినగల చెవులను ముందే సిద్ధం చేసింది. మాధ్యమం దానికి వేగాన్ని మాత్రమే ఇచ్చింది.

ఆ వేగానికి మూల్యం కూడా ఉంది. లేఖలో నక్షత్రాల ఊహ ఉంది. ఏడు నెలలుగా అందని పరిశోధక భృతి ప్రస్తావనా ఉంది. వాక్యాలను విడదీసి పంచుకునే మాధ్యమంలో మొదటిది కవిత్వంగా నిలుస్తుంది, రెండవది జారిపోతుంది. అప్పుడు పాఠకునికి మిగిలేది విషాదం. సంస్థకు తప్పిపోయేది జవాబుదారీతనం. ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే లేఖ అభియోగపత్రమవుతుంది.

విద్యాసంస్థల్లో కులవివక్షను అరికట్టే నిబంధనల అమలు కోరుతూ రోహిత్ తల్లి రాధిక, ముంబైలో మరణించిన వైద్యురాలు పాయల్ తడ్వి తల్లి ఆబేదా 2019లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. తెరమీద హోరు తగ్గిన తరువాత కూడా సమాధానం కోసం తలుపు తట్టింది ఆ తల్లులే. గబ్బిలం గుడిలోకి ప్రవేశించగలదు. తలుపు తెరిపించవలసింది మాత్రం మనుషులే.