నేలను కొలిచిన కెమెరా

చెరువు ఎక్కడిదాకా ఉండేది? హైదరాబాద్ శివారులో కాటేదాన్ ఫ్యాక్టరీల నుంచి గగన్‌పహాడ్ రాళ్లగుట్టల దాకా, మైలార్‌దేవ్‌పల్లి చుట్టుపక్కల ఈ ప్రశ్న పదే పదే పైకొస్తుంది. 2020 అక్టోబరు వానలకు అప్పా చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే మునిగినప్పుడు ఇంకా గట్టిగా వినిపించింది. దీనికి జవాబు చెప్పగల సాక్షుల్లో ఒకటి, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు ఎన్నడూ ముట్టని ఫిల్మ్ కెమెరా. విమానం అడుగున కోసిన కిటికీలో బిగించి, నిట్టనిలువునా కిందికే గురిపెట్టే మ్యాపింగ్ కెమెరా.

హైదరాబాద్‌కు దీనితో పాత అనుబంధమే ఉంది. 1974లో ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ (నేటి ఎన్‌ఆర్‌ఎస్‌సీ) షాద్‌నగర్‌లో ఉపగ్రహ చిత్రాలు అందుకుంటూనే, బేగంపేట కేంద్రంగా సొంత విమానాలతో ఏరియల్ సర్వేలూ చేసింది.

స్విట్జర్లాండ్‌లో వైల్డ్, జర్మనీలో జైస్ కంపెనీలు ఈ కెమెరాలు చేసేవి. ఒక్క మనిషి ఎత్తలేనంత బరువు. నెగటివ్ 23 సెంటీమీటర్ల చదరం. ఫోకస్ తిప్పే పనే లేదు. లెన్సు అనంత దూరానికి స్థిరంగా ఉంటుంది. ఫిల్మ్ కాస్త వంగినా కొలత తప్పుతుంది కనుక, క్లిక్ పడే క్షణంలో వెనకనుంచి గాలి లాగేసి దాన్ని పలకకు అతికిస్తారు. అంచుల్లో పడే గుర్తులు ఫొటో కేంద్రాన్ని తేల్చిచెబుతాయి. పొగమంచు తెరను తగ్గించడానికి లెన్సు ముందు పసుపు ఫిల్టరు.

అసలు విద్య విమానం నడకలో ఉంది. మామూలుగా వాడే 152 మిల్లీమీటర్ల లెన్సుతో నేలకు 1,520 మీటర్ల ఎత్తున ఎగిరితే స్కేలు 1:10,000. ఒక్కో ఫొటోలో 2.3 కిలోమీటర్ల చదరం పడుతుంది. పెంకుల్లా ప్రతి ఫొటో ముందుదాని మీద 60 శాతం ఎక్కాలి. అంటే 920 మీటర్లకొక క్లిక్. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సుమారు 11 సెకన్లకొకటి. పక్కగాలికి విమానం ముక్కు వంకరపోతే ఆపరేటరు కెమెరాను అంతే తిప్పి వరస సరిచేయాలి. కింద మబ్బు తునక ఉండకూడదు, నీడలు మరీ సాగకూడదు. అందుకే వానలు వెలిశాక, ఎండ బాగా పైకెక్కాకే పని.

అంత ఓవర్‌ల్యాప్ ఎందుకంటే, ఒక్క ఫొటో ఎత్తు చెప్పలేదు. ఒకే గుట్టను రెండు చోట్ల నుంచి తీసిన జంటను స్టీరియోస్కోపు కింద పెట్టి, ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి చూపిస్తే నేల లేచి నిలబడుతుంది. చెరువు కట్ట, అలుగు, వాగు పల్లం వేటికవి విడిపోతాయి. రెండు ఫొటోల్లో ఒకే బిందువు ఎంత జరిగిందో కొలిస్తే దాని ఎత్తు లెక్కకొస్తుంది.

చెరువుల తగాదాలో ఇదే కీలకం. ఫొటో తీసిన నాటికి చెరువు సగం ఎండి ఉండవచ్చు. ఆ రోజు నీళ్లున్న మేరకే చెరువు అనడం తప్పు. అలుగు ఎత్తు పట్టుకుని, అదే ఎత్తు చుట్టూ ఎక్కడెక్కడ వస్తుందో గీస్తే నిండు చెరువు అంచు, అంటే ఎఫ్‌టీఎల్, అంచనాకు దొరుకుతుంది. చదునైన శిఖం (చెరువు గర్భం) భూమిలో అంగుళాల తేడాకే ఆ గీత గజాలకొద్దీ జరుగుతుంది కాబట్టి నేల మీద లెవెల్ సర్వే తప్పదు. కానీ బండలు పగలగొట్టి, పల్లాలు పూడ్చి, ప్లాట్లు వేసిన చోట ఇప్పుడు కొలవడానికి పాత నేల ఏదీ? అది ఆనాటి జంట ఫొటోల్లోనే మిగిలి ఉంటుంది.

డిజిటల్ కెమెరాలు వచ్చి ఈ ఫిల్మును పక్కకు నెట్టాయి. భద్రతా నిబంధనల వల్ల ఏరియల్ ఫొటోలు సామాన్యులకు చాలాకాలం అందలేదు కూడా. అయినా వాటి బలం తగ్గలేదు. ఏ పట్టాదారు కోసమో, ఏ బిల్డరు కోసమో తీసినవి కావవి. ఫొటోలో పడ్డ ప్రతిదాన్నీ సమానంగా చూసినవి. చెరువుల ఆక్రమణలు తొలగించే పని ప్రభుత్వ సంస్థ హైడ్రా చేతికి వచ్చిన ఈ రోజుల్లో, పాత నెగటివ్‌లను స్కాన్ చేసి, జంటలు విడిపోకుండా భద్రపరిచి, హద్దుల విచారణలో జనం ముందు పెట్టడం సర్కారు చేయాల్సిన పని.