అశరీరవాక్కులు – వైద్యసంకేతములు : ఒక విమర్శ

త్రాడును జూచి పామని భ్రమించుటకు త్రాడైనను ఉండవలెను. వెలుపల నే శబ్దమును లేకయే పలుకు వినబడుటకు ఆపాటి యాధారమును అక్కరలేదు. ఈ భేదమును పాశ్చాత్య వైద్యమున స్పష్టపరచినవాడు 19వ శతాబ్ది పూర్వార్ధమునకు చెందిన ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్. రజ్జుసర్పన్యాయము భారతీయ వేదాంతులకు సుపరిచితమే యైనను, తెలుగు వ్రాతలలో ఈ రెంటికిని, వీనికి తోడు నిరాధారమైన దృఢవిశ్వాసమునకును గూడ భ్రమ, భ్రాంతి యను మాటలే తరచు మార్చి మార్చి వాడబడుచున్నవి. ఇచట శ్రవణభ్రాంతి యనగా వెలుపలి శబ్దము లేక వినబడు పలుకు అని గ్రహింపదగును.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారి వ్యాధివర్గీకరణము పదవకూర్పు 1990లో ఆమోదింపబడెను. అందు శ్రవణభ్రాంతికి ఆర్ 44.0 అను సంకేతము కలదు. అది లక్షణముల యధ్యాయము. చెవిలో హోరు హెచ్ 93.1గా చెవిరోగములలో చేరినది. స్కిజోఫ్రీనియా ఎఫ్ 20గా మానసికరోగములలో నున్నది. 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన పదునొకండవ కూర్పున శ్రవణభ్రాంతి ఎం.బి. 27.20 అయినది. అమెరికా మాత్రము తన యవసరములకు సవరించుకొన్న పదవకూర్పునే 2015 అక్టోబరు 1 నుండి వాడుచున్నది. ఆ దేశపు ఆసుపత్రుల కాగితములకు సంకేతములు వేయు పని హైదరాబాదు, చెన్నై నగరములలో వేలాది యువతీయువకులకు జీవనోపాధి. కావున ఈ విచారణ తెలుగువారికి దూరమైనది కాదు.

అమెరికా నియమావళిలో విమర్శింపదగినది సందేహనిర్ణయమును గూర్చిన విధి. బయటిరోగిగా వచ్చినవాని పత్రముపై వైద్యుడు ‘స్కిజోఫ్రీనియా కావచ్చును’ అని వ్రాసినయెడల ఆ సందేహమునకు సంకేతము వేయరాదు. తెలిసిన లక్షణమునకే వేయవలెను. అందుచే నతడు ఆర్ 44.0. అతడే ఆసుపత్రిలో చేరి, విడుదలనాటి పత్రమున ‘బహుశః స్కిజోఫ్రీనియా’ అని యుండినచో, ఆ రోగము నిశ్చితమైనట్లే భావించి ఎఫ్ 20.9 వేయవలెను. ఈ విధి మానసిక చికిత్సాలయములకును వర్తించును. మనిషి యొక్కడే, పలుకు ఒక్కటే, వైద్యుని సందేహమును ఒక్కటే. ఎక్కువైనది మంచము మాత్రమే. శంకించిన రోగమునకు జరుపు పరీక్షలును, తొలిచికిత్సయు, నిశ్చితరోగమునకు జరుపువానినే పోలియుండును గనుక వ్యయగణనమునకు ఈ విధి సబబే. కాని సంకేతము లెక్కలగదిలోనే నిలువదు. మరునాటి వైద్యుడు పాతపత్రమును తెరచినప్పుడు సంకేతమే ముందుగా కంటబడును. ‘బహుశః’ అన్నమాట సంకేతమునకు ఎక్కదు.

రెండవది నిషేధవిధి. ఎఫ్ 20 మొదలు ఎఫ్ 29 వరకు గల రోగములు నిర్ణయమైనచోట ఆర్ 44.0 వేరుగ వేయరాదు. రోగమున లక్షణము అంతర్భూతమని వాదము. వరిపైరు ఉన్నదని వ్రాసినవాడు గడ్డియు నున్నదని వ్రాయనక్కరలేదు కదా! అయితే స్కిజోఫ్రీనియా గలవారందరికిని పలుకులు వినబడవు. అందుచే ఎఫ్ 20.9ను జూచి పలుకు వినబడెనో లేదో చెప్పవలనుపడదు. ఇక ఆర్ 44.0 లెక్కించినవాడు పలుకులు వినువారి నందరిని లెక్కింపడు. రోగము తేలనివారిని మాత్రమే లెక్కించును. పదునొకండవ కూర్పున రోగమునకు తోడుగా లక్షణతీవ్రతను చేర్చు వీలు కలదు. అది మేలే. అయినను అందు భ్రాంతియు, నిరాధారవిశ్వాసమును ఒకే శీర్షికక్రింద కలిసిపోవుచున్నవి. పలుకు ఏమన్నదో ఆ యంకెయు చెప్పదు. నిద్రపట్టువేళ పేరుపెట్టి పిలిచినట్లు తోచుట ఆరోగ్యవంతులకును కలుగును. దూకుమని యాజ్ఞాపించు పలుకు ప్రాణాపాయము. ఈ తారతమ్యమును నిలుపవలసినది కేసుషీటే.

కేసుషీటు వ్రాయువాని కన్ను ఎట్లు పక్షపాతము వహించునో 1973లో ప్రకటితమైన రోజెన్‌హాన్ వ్యాసము చూపినది. ఆరోగ్యవంతులైన 8 మంది ఒక పలుకు వినబడుచున్నదని మాత్రము చెప్పి 12 ఆసుపత్రులలో చేరిరని, చేరిన పిమ్మట అట్టిమాట చెప్పకున్నను దాదాపు అందరికిని స్కిజోఫ్రీనియా ముద్ర పడెనని ఆయన కథనము. వారు కాగితముపై వ్రాసికొనుటయు రోగచేష్టగా నమోదయ్యెనట. ఆ కథనమంతయు నమ్మదగినదేనా యని సుసానా కహలన్ 2019 నాటి గ్రంథమున గట్టి సందేహములు లేవదీసెను. కావున దానిని ప్రమాణముగా గాక హెచ్చరికగా గొనుటయే న్యాయము.

అంతకంటె నమ్మదగినది 2015లో టాన్యా లూర్‌మన్ బృందము ప్రకటించిన పరిశీలన. అమెరికాలోని శాన్‌మాటియో, ఘనాలోని ఆక్రా, చెన్నై – ఒక్కొక్కచోట 20 మందిని ప్రశ్నించిరి. అమెరికావారు తమ పలుకులను రోగపుపేరుతో చెప్పిరి. వానిలో హింస మెండు. ఆక్రావారిలో పలువురు దేవుని మాటగా చెప్పిరి. చెన్నైవారిలో పెక్కుమందికి వినబడినవి బంధువుల కంఠములు. అవి యింటిపనులు చేయుమని మందలించునవి. సంఖ్య చిన్నది. అయినను అత్తగారి మందలింపునకును, చంపుమను ఆజ్ఞకును సంకేతము మాత్ర మొక్కటే.

తమిళనాట స్థిరపడిన తెలుగుకుటుంబముల విషయమున చిక్కు మరింత గలదు. పలుకు ఇంటి తెలుగులో వినబడును; వైద్యునితో తమిళమున చెప్పబడును; కేసుషీటున ఆంగ్లమున వ్రాయబడును. ‘ఎవరో పిలుచుచున్నట్లున్నది’ అనువానికి సందేహము మిగిలియున్నది. ‘ఎవరో పిలుచుచున్నారు’ అనువానికి లేదు. ఆ ‘అట్లు’ అన్న యొక్క ప్రత్యయముననే రోగి వివేకము దాగియుండును. వైద్యుడు వెదకునదియు అదే. ఆంగ్లమున ‘పలుకులు వినబడుచున్నవనుచున్నాడు’ అని మాత్రమే తేలును. పలుకు ఏ భాషలో వచ్చినదను ప్రశ్నకు పత్రమున గడియే యుండదు.

భారతదేశపు 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 3వ విభాగము రోగనిర్ణయమునకు అంతర్జాతీయ వర్గీకరణము వంటి ఆమోదితప్రమాణములను విధించినది. 25వ విభాగము, కొన్ని మినహాయింపులతో, తన వైద్యపత్రములను చూచు హక్కును రోగికి ఒసగినది. ఆ హక్కుతో పత్రమును తెరచిన తెలుగువాడు తానన్నమాట నందు గుర్తింపవలెనన్నచో, సంకేతమునకు ముందు ఒక పంక్తిలో అతని వాక్యమును అతని భాషలోనే, ‘అట్లు’తో సహా, వ్రాసి యుంచవలెను. ఆ పంక్తికి ఏ వర్గీకరణమును అడ్డుచెప్పదు.