నీళ్ళు ఎప్పుడు ఎక్కాయి?

పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే ఏమవుతుంది? బళ్ళో సైన్సు చదువుకున్న ఎవరినడిగినా ఇంచుమించు ఒకటే జవాబు. మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకెక్కాయి? గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కదా, అది మండి అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి. ఎంత ఎక్కాయి? సరిగ్గా ఐదో వంతు. ఈ జవాబు ఎంత ముచ్చటగా కుదురుతుందంటే, చెప్పాక ఇక గ్లాసు వంక చూడాలని ఎవరికీ అనిపించదు.

చూస్తేనే చిక్కు. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పడం నా ఉద్యోగం. ఈ ప్రయోగం చేయించే రోజున పిల్లలకు పాఠం చెప్పను, ఒక్క పని మాత్రం అప్పగిస్తాను. నీళ్ళు ఎందుకెక్కాయో తర్వాత చూద్దాం, ఎప్పుడు ఎక్కుతున్నాయో కళ్ళప్పగించి చూడండ్రా అంటాను. మంట వెలుగుతున్నప్పుడా, ఆరిపోయాకా?

ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మంట ఉన్నంతసేపూ నీళ్ళు కొంచెం కొంచెంగా పైకి రావాలి, ఆరగానే ఆగిపోవాలి. జరిగేది దాదాపు తలకిందులు. మంట ఉన్నంతసేపూ నీళ్ళు పెద్దగా కదలవు. మంట చిన్నదై, వత్తి కొసన పొగ లేచి ఆరిపోతుంది చూశారూ, అప్పుడు గబగబా ఎక్కేస్తాయి. ఈ తేడా పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ముందు బెంచీ పిల్లలకంటే వెనక బెంచీ వాళ్ళే దీన్ని ముందు పట్టుకుంటారని నాకో నమ్మకం. పుస్తకంలో జవాబు వాళ్ళు చదివి ఉండరు, అందుకు.

తర్వాత పళ్ళెంలో ఒక చుక్క సర్ఫు నీళ్ళు కలిపి మళ్ళీ చేస్తాం. గ్లాసు బోర్లించగానే అంచు కిందనుంచి బుడగలు బయటికి రావడం కనిపిస్తుంది. అంటే మొదట్లో గ్లాసులోంచి గాలి బయటికి పోతోంది. ఆ పైన ఒక కొవ్వొత్తి బదులు రెండు, మూడు పెడతాం. కొవ్వొత్తులు పెరిగినకొద్దీ నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. ఇక్కడ క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. "గ్లాసు అదే కదా టీచర్, అందులో గాలీ అంతే కదా, మరి ఎక్కువ ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" ఆ ప్రశ్న వచ్చేదాకా ఓపిక పట్టడమే నా పని. దాన్ని నేనే ముందుగా అడిగేస్తే ఆ పీరియడ్ వృథా.

చివరిగా మంట లేకుండానే చేస్తాం. గ్లాసును వేడినీళ్ళతో, అంటే చెయ్యి ఓర్చుకునేంత వేడివాటితో తొలిచి, ఆ నీళ్ళు పారబోసి, వెంటనే పళ్ళెంలోని చల్లటి నీళ్ళలో బోర్లించాలి. కొవ్వొత్తి లేదు, మండిందేమీ లేదు. అయినా కాసేపటికి నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. ఇక ఆక్సిజన్ మీద నేరం మోపడానికి వీల్లేదు.

మంట తన చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మనం చూసిన బుడగలు అవే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లారి ముడుచుకుంటుంది, లోపలున్న నీటి ఆవిరి కూడా గ్లాసు గోడకు చెమ్మగా పడుతుంది, బయటి వాతావరణ పీడనం నీళ్ళను లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ కొంత ఖర్చయ్యే మాట నిజమే, కానీ దాని చోట్లోకి కార్బన్ డయాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది, అది అంత తొందరగా నీళ్ళలో కరగదు. పైగా ఆక్సిజన్ పూర్తిగా అయిపోయేదాకా కొవ్వొత్తి వెలగదు. 21 శాతం ఉన్నది 16 శాతం దరిదాపులకు దిగేసరికే ఆరిపోతుంది. మంట ఆరిన గ్లాసులో ఆక్సిజన్ ఇంకా బోలెడు ఉందన్నమాట. వేడివేడి సాంబారు పోసి స్టీలు డబ్బాకు గట్టిగా పెట్టిన మూత మధ్యాహ్నానికి ఎందుకు ఊడి రాదో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. క్యారియర్ తెచ్చుకునే వాళ్ళే చెబుతారు.

ఇది నిన్నా మొన్నటి ప్రయోగం కాదు. క్రీస్తు పూర్వమే బైజాంటియంకు చెందిన ఫిలో అనే గ్రీకు ఇంజనీరు ఇలాంటిది చేసి రాసిపెట్టాడు. తప్పు వివరణకూ ఆయుష్షు ఎక్కువే. ఒక్క మన పుస్తకాల్లోనే కాదు, ఎన్నో దేశాల పుస్తకాల్లో అది తరాల తరబడి నడిచింది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 క్రిస్మస్ సెలవుల్లో మైకేల్ ఫారడే పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మనం అదే కొవ్వొత్తికి అరపేజీ ఇచ్చి, ఆ అరపేజీలోనే ఫలితం కూడా అచ్చువేసి ఇస్తాం.

నా అసలు పేచీ ఆ అచ్చయిన ఫలితంతోనే. మన బళ్ళలో ప్రయోగాలు లేవని అందరూ బాధపడతారు. ఉన్న ప్రయోగాల్లో ఫలితం ముందే రాసి ఉందన్న సంగతి ఎవరికీ బాధగా తోచదు. పుస్తకంలో కృత్యం ఉంటుంది, కిందనే "దీన్నిబట్టి మనకు తెలిసేది" అని ఉంటుంది. కింది వాక్యం చదివినవాడు పైది చేయడు. చేసినా, గ్లాసులో ఏం జరిగిందో కాక కింద రాసి ఉన్నది జరిగినట్టే చూస్తాడు.

ఇంటర్లో లఘులోలకం ప్రయోగం చేసినవాళ్ళు ఈ ముక్క చదివి నవ్వుకోవచ్చు. దారానికి గుండు కట్టి, ఊపి, స్టాప్‌వాచ్‌తో ఇరవై డోలనాల కాలం కొలిచి, గురుత్వ త్వరణం కట్టాలి. లెక్క 955 వస్తుంది, లేదా 1010 వస్తుంది. అప్పుడేం చేస్తాం? రబ్బరు తీస్తాం. 980 దగ్గర్నుంచి వెనక్కి లెక్క కట్టి, సెకన్లు మార్చి, రికార్డులో అందంగా ఎక్కిస్తాం. లెక్చరరు గారు సంతకం పెడతారు. తమాషా ఏమిటంటే హైదరాబాద్‌లో ఆ విలువ నిజానికి 978 చిల్లర. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం, పైగా సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల ఎత్తులో ఉన్నాం, అందుకని కాస్త తక్కువ. అంటే అన్ని వేల రికార్డుల్లో అంత కష్టపడి రప్పించిన అంకె ఆ ఊరిది కాదు. దారం పొడవు ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచాను, గుండు సగం దాకా కొలిచానా లేదా, స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమైందా అని ఆ 955 దగ్గర కూర్చుని ఆలోచించిన పిల్లవాడికి భౌతికశాస్త్రం కొంచెమైనా తెలుస్తుంది. రబ్బరు తీసినవాడికి మార్కులొస్తాయి.

దీనికి విరుగుడు ఈ దేశంలో ఒకచోట పెద్ద ఎత్తున నడిచింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్ళతో మొదలైన సైన్సు కార్యక్రమం అది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు మొదలుపెట్టాయి. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి దాన్ని అందుకుంది. వాళ్ళ పుస్తకంలో ప్రయోగం ఉంటుంది, ప్రశ్న ఉంటుంది, జవాబు ఉండదు. పిల్లలు గుంపులుగా చేసి, తమకేం కనిపించిందో తామే రాసుకోవాలి. పరీక్షకు పుస్తకం వెంట తీసుకెళ్ళొచ్చు, ఎందుకంటే అందులోంచి చూసి రాయడానికి ఏమీ ఉండదు. చేత్తో చేసి చూపించే పరీక్ష వేరేగా ఉండేది. ముప్పై ఏళ్ళు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. జవాబులేని పుస్తకాన్ని ఏ విద్యాశాఖ ఎంతకాలం భరిస్తుందో నాకు తెలుసు గనక, ముప్పై ఏళ్ళు నడవడమే నాకు విశేషంగా తోస్తుంది.

అక్కడికే 1978లో అరవింద్ గుప్తా వెళ్ళాడు. కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి, పుణేలో టెల్కోలో ట్రక్కులు తయారుచేసే ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళిన మనిషి. సంతలో దొరికిన సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి ఆకారాలు కట్టడం అక్కడే మొదలైంది. ఆ తర్వాత ఆయన బొమ్మలు లెక్కలేనన్ని భాషల్లోకి వెళ్ళాయి, తెలుగులోకీ వచ్చాయి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మలన్నిటిలో నాకు ఆ మొదటిదే ఇష్టం. మూడు పుల్లలతో కట్టిన త్రిభుజాన్ని నొక్కితే కదలదు. నాలుగు పుల్లల చతురస్రం ఒరిగిపోతుంది. ఒరిగిన దానికి అడ్డంగా ఒక కర్ర కట్టమని పిల్లలకు ఎవరూ చెప్పరు, వాళ్ళే కడతారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెన నిండా త్రిభుజాలే. రైల్లో కొవ్వూరు వైపు వెళుతూ కిటికీలోంచి వాటిని చూడనివాళ్ళుండరు. అవి అలా ఎందుకున్నాయని అడగాలంటే మాత్రం చేతిలో ఒక చతురస్రం కూలిపోయి ఉండాలి.

ఇక సైన్సు ఫెయిర్ల సంగతి. థర్మోకోల్ కొండ, దాని నోట్లో వంటసోడా, పైనుంచి ఎర్ర రంగు కలిపిన వెనిగరు. అగ్నిపర్వతం పొంగుతుంది, ముఖ్య అతిథి చప్పట్లు కొడతారు. నాకు ఈ కొండంటే ఒళ్ళుమంట. అగ్నిపర్వతం అలా పేలదు, అది ఒకటి. పిల్లవాడికి అందులో తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు, అది రెండోది. ఆ కొండ తీసి పక్కన పడేసి, చెంచాడు సోడాకు ఎన్ని చెంచాల వెనిగరు పోస్తే పొంగు ఆగుతుందో కనుక్కో అంటే అదే సామానుతో గంటసేపు పని దొరుకుతుంది. బజార్లో అట్టపెట్టెల్లో అమ్మే కిట్ల మీదా నా అభిప్రాయం ఇదే. అందులో సామాను తప్పు కాదు, వెంట వచ్చే కాగితం తప్పు. ఇంట్లో చేయించాలనుకునే అమ్మానాన్నలు ఆ కాగితం దాచేసి సామాను మాత్రం ఇవ్వండి. మంట ఉన్న చోట పక్కన కూర్చోండి, చున్నీలూ జుట్టూ వెనక్కి కట్టించండి. సున్నం ఉంటే కళ్ళు జాగ్రత్త. అంతకుమించి సాయం చెయ్యకండి.

సున్నం అన్నాను గనక ఒక మాట. పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న రసాయనశాస్త్రం. పసుపులో సున్నం కలిస్తే ఎర్రన. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. పిల్లలు ఇంత వరకూ హాయిగా చేస్తారు. ఆ తర్వాత పసుపు నీళ్ళతో ఇంట్లో ఉన్నవన్నీ పరీక్షించి రమ్మంటే, సబ్బు నీళ్ళకు ఎరుపు, మజ్జిగకు పసుపు, మంచినీళ్ళకు పసుపు, చింతపండు పులుసుకు పసుపు అని రాసుకొస్తారు. అంటే మజ్జిగా మంచినీళ్ళూ ఒకటేనా? ఇది పసుపు చేతకానితనం. దానికి క్షారం తెలుస్తుంది, ఆమ్లం తెలియదు. అప్పుడు మందార పువ్వుల దగ్గరికి వెళ్ళాలి. మందార రసం పులుపుకు ముదురు గులాబీ అవుతుంది, సబ్బుకు ఆకుపచ్చగా తిరుగుతుంది. పసుపు ఓడిపోయిన చోటు చూపించకుండా మందారాన్ని పరిచయం చేస్తే అది ఇంకో రంగునీళ్ళ సీసా, అంతే.

ఆ ఐదో వంతు ఆక్సిజన్ మాట అబద్ధమా అంటే కాదు. కొవ్వొత్తితో కొలవకూడదు, అంతే. తుప్పుతో కొలవాలి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను తనలో కలిపేసుకుంటుంది, బదులుగా ఏ వాయువునూ వదలదు. గ్లాసు లోపల తడి చేసి, ఇనుప రజను చల్లి అంటించి, పళ్ళెం నీళ్ళలో బోర్లించి వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు సుమారు ఐదో వంతు దాకా వచ్చి ఆగుతాయి. గిన్నెలు తోముకునే స్టీలు పీచు దీనికి పనికిరాదు. చాలావరకు అది స్టెయిన్‌లెస్, తుప్పు పట్టదు. లేత్ మిషన్ షాపులో నేల ఊడ్చిన పొడి అడిగితే ఊరికే ఇస్తారు. అందులో ఇత్తడీ అల్యూమినియమూ కలిసి ఉంటాయి, అయస్కాంతంతో ఇనుమును ఏరుకోవాలి. నూనె జిడ్డు ఉంటుంది, సర్ఫుతో కడిగి, తర్వాత వెనిగరులో ముంచి తీయాలి.

మా క్లాసులో ఒక బృందం లేత్ షాపు దాకా వెళ్ళే ఓపిక లేక, బడి ముందు పోసిన ఇసుక కుప్పలో అయస్కాంతం దొర్లించి, దానికి అంటుకున్న నల్లటి రజనుతో గ్లాసు పెట్టింది. మిగతా గ్లాసుల్లో నీళ్ళు ఎక్కాయి, వాళ్ళది ఉన్నచోటే ఉంది. అయస్కాంతానికి అంటింది కదా, ఇనుమే కదా అని వాళ్ళ గోల. ఇసుకలోది మాగ్నటైట్, అంటే అప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము, కొత్తగా కలుపుకోవడానికి దానికి పెద్దగా ఏం మిగల్లేదు. నేనది చెప్పలేదు. రెండు రకాల రజనూ తడిగుడ్డ మీద పక్కపక్కన పెట్టి సోమవారం దాకా ఉంచమన్నాను. షాపు రజను ఎర్రబడింది, ఇసుక రజను నల్లగానే ఉంది. ఇది ముందే తుప్పు పట్టేసిందేమో టీచర్ అని వాళ్ళలో ఒకమ్మాయి అంది. మరి ఏట్లో ఇసుకలోకి ఇది ఎలా వచ్చిందని పక్కవాడు అడిగాడు. ఆ గొడవ మాత్రం నా పీరియడ్‌లో తేలలేదు, బెల్లు కొట్టాక సోషల్ సారు నెత్తికి చుట్టుకుంది.