బరువెవరి భుజాన?

రెండూ పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకులే. రెండూ ఇంగ్లండులో తయారైనవే. రెండిటి వయసూ వందకు అటూ ఇటూ. ఒకటి 28 అంగుళాల గొట్టాలతో 2.8 కిలోలు తూగుతుంది. రెండోది 30 అంగుళాల గొట్టాలతో 3.4 కిలోలు. తేడా అరకిలో పైచిలుకు, ఓ చింతపండు పొట్లమంత. 2019 ఆయుధాల చట్ట సవరణ ఒక మనిషి పేరున ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మూడున్నవాళ్లు ఏడాదిలోగా ఒకటి అప్పజెప్పాలంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాత ఇళ్లలో తాతల నాటి ఇలాంటి జతతో పాటు ఇంకో తుపాకీ కూడా ఉంటే, జతలో ఏది ఉంచుకోవాలన్న ప్రశ్న దగ్గర ఆ పొట్లమే తీర్పు చెప్పాల్సి వస్తుంది.

తుపాకీ బరువును విడిగా తూచి లాభం లేదు, తూటాతో కలిపి తూచాలి. బర్మింగ్‌హామ్ తయారీదారు డబ్ల్యూ.డబ్ల్యూ. గ్రీనర్ పేరుమీద ఒక లెక్క వాడుకలో ఉంది: తూటాలోని రవ్వల బరువుకు తుపాకీ 96 రెట్లుండాలి. ఆ లెక్కన 28 గ్రాముల రవ్వలకు 2.7 కిలోలు, 30 గ్రాములకు 2.9, 35 గ్రాములకు 3.4 కిలోలు. అంటే మన రెండు తుపాకులూ వేర్వేరు తూటాలకు పుట్టినవి. బరువుదానికి పుట్టిన 35 గ్రాముల తూటాను తేలికదానిలో పేలిస్తే దెబ్బ భుజానికి తెలుస్తుంది. ఒకే తూటాను రెండిటిలోనూ పేల్చి చూస్తే, వెనక్కి తన్నే శక్తి బరువుదానిలో సుమారు 18 శాతం తక్కువ. ఇక్కడ పై చేయి బరువుదానిదే.

చేతిలోకి తీసుకుంటే లెక్క తిరగబడుతుంది. తేలిక తుపాకీ చూపుతో పాటే లేస్తుంది, పిట్ట ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. కానీ ఎంత త్వరగా కదులుతుందో అంత త్వరగా ఆగిపోతుంది కూడా, కొత్తవాడి చేతిలో గురి పిట్ట వెనకే ఉండిపోతుంది. బరువు తుపాకీ బద్ధకంగా కదులుతుంది, కదిలాక మాత్రం ఆగదు, చేయి ఆగినా గొట్టం సాగుతూనే ఉంటుంది. 1920ల్లో లండన్ తయారీదారు రాబర్ట్ చర్చిల్ 25 అంగుళాల పొట్టి గొట్టాలను ప్రచారంలోకి తెచ్చినప్పుడు సాగిన వాదమంతా ఈ కదలిక గురించే. రెండు వైపులా వాదించినవాళ్లకు నిజం సగం సగమే దక్కింది. పైకి లేచే పిట్టకు ఒక తుపాకీ, దూరంగా దాటిపోయే పిట్టకు ఇంకొకటి.

ఈ నేల మీద ఆ రెండు రకాల పిట్టలూ ఉండేవి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందు మిర్యాలగూడ, కోదాడ వైపు ఇన్ని వరి మళ్లు లేవు. మెట్ట చేలు, రాళ్ల గుట్టలు, తుమ్మ పొదలు. కముజు పిట్ట కోసమో పూరేడు కోసమో ఎండలో మైళ్లకు మైళ్లు నడవాలి. పిట్ట కాలి దగ్గరే బుర్రుమని లేచేది, తుపాకీ ఎత్తడానికి ఒకటి రెండు క్షణాలే వ్యవధి. ఈ షికారుకు తేలికదే తగినది. శీతాకాలం తెల్లవారుజామున కాకతీయుల నాటి చెరువు గట్టు మీద కూర్చుని వలస బాతుల కోసం కాచుకునేవాడికి నడక లేదు, దూరం ఎక్కువ, తూటా పెద్దది. అక్కడ బరువుదే తగినది. మెట్టకూ అడవికీ రెంటికీ ఒకటే కావాలనుకున్నవాళ్ల కోసం ఇంకో బరువైన రకం పుట్టింది: కర్నల్ ఫాస్బరీ 1885లో పేటెంటు తీసుకోగా హాలండ్ అండ్ హాలండ్ తయారుచేసిన పారడాక్స్. గొట్టం చివరి కొద్ది అంగుళాల్లోనే మెలి గాడులుంటాయి. రవ్వలూ పేలతాయి, సీసపు గుండూ సూటిగా వెళుతుంది. కముజు కోసం బయల్దేరినవాడికి ఎలుగుబంటి ఎదురుపడే దేశాలకు చేసిన తుపాకీ అది.

ఇంతవరకూ తుపాకీ పుస్తకాలన్నీ చెప్పేదే. ఆ పుస్తకాలు అడగని ప్రశ్న ఒకటుంది: మోసేది ఎవరు? బరువు, తేలిక అనే తూకం తన తుపాకీ తానే మోసుకునేవాడికే. నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో తుపాకీ గడీలో ఉండేది. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలుండేవని తెలంగాణ పోరాట చరిత్ర చెబుతుంది. అలాంటి దొరల కింద ఊళ్లు వెట్టి చేశాయి. మేనాలు మోసిన భుజాలకు, సామాన్ల మూటలు ఊరూరా దాటించిన భుజాలకు ఒక తుపాకీ ఎంత? 3.4 కిలోలైనా, 2.8 అయినా దొరకు ఒకటే. పిట్ట కనపడ్డాక చేయి చాస్తే తుపాకీ చేతిలోకి వచ్చేది. ఆ క్షణం నుంచి పేలేదాకానే దొరకు దాని బరువు. అందువల్ల గడీలో బరువు తుపాకీ ఉందంటే అది మంచి ఎంపికని అనుకోవడానికి లేదు. ఆ ఎంపికలో నడక లెక్కకు రాలేదంతే.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో అక్కడి దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో ఉద్యమకారుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక, మరుసటి ఏడు సెప్టెంబరులో నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపు వచ్చాక, జనం వడిసెల, కర్రల నుంచి తుపాకుల దాకా వచ్చారు. దొరల దగ్గర గుంజుకున్న ఆయుధాలు దళాల చేతుల్లోకి చేరాయి. తుపాకీని తూచే కొలతే అక్కడ మారిపోయింది. రాత్రంతా నడిచి, పగలు దాక్కుని, కోదాడ పక్కన నిజాం ఏలుబడికి బయట ఉన్న మునగాల పరగణా గట్టు దాటి వెళ్లాల్సిన మనిషికి చింతపండు పొట్లం బరువు కూడా బరువే. భుజానికి ఆనించే తుపాకీ మడమ కొలతా అంతే. ఇంగ్లండు మడమలు సుమారు పద్నాలుగున్నర అంగుళాలు, పొడుగు చేతుల మగవాడికి కోసినవి. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం దళంలో చేరేనాటికి ఇరవై ఏళ్లు నిండలేదు. అలాంటి ఆడపిల్లల భుజానికి ఆ కొలత ఎవరూ తీసి ఉండరు. పైగా కొన్న తూటాలు అయిపోతే పన్నెండు బోరు వట్టి కర్ర. మందు కూరి పేల్చే భర్మార్ అందగత్తె కాకపోయినా ఊళ్లోనే బతకగలదు. ఇంకో నిజం కూడా ఉంది. రవ్వల తుపాకీ పని నలభై గజాల దాకానే. 1948 సెప్టెంబరు తర్వాత ఎదురైన సైన్యం రైఫిళ్ల ముందు బరువుదీ తేలికదీ సమానంగా చిన్నబోయాయి.

ఇప్పటి ఎంపికకు వద్దాం. పాత తేలిక తుపాకీని మెచ్చుకునే ముందు అది పుట్టుకతోనే తేలికా, అరిగి తేలికైందా అని అడగాలి. వానాకాలపు చెమ్మకు గొట్టం లోపల తుప్పు గుంటలు పడతాయి. వాటిని సానపట్టి నునుపు చేసిన ప్రతిసారీ గోడ పలచనవుతుంది. మంచి తేలిక తుపాకీలోనే గోడ కొన్ని చోట్ల అర మిల్లీమీటరు దగ్గరికి వస్తుంది, ఇక అరగడానికి ఏం మిగులుతుంది? గొట్టం మీద డమాస్కస్ మెలికల నగిషీ ఉంటే అది నల్ల తుపాకీమందు కాలపుదని అనుమానించి ప్రూఫ్ (ఒత్తిడి పరీక్ష) ముద్రలు చూడాలి. తూటా కూర్చునే గది పొడవు 65 మిల్లీమీటర్లయితే అందులో 70 మిల్లీమీటర్ల తూటా పెట్టకూడదు. తూటా లోపలికి దూరుతుంది, కానీ పేలాక తెరుచుకునే మూతికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఈ పరీక్షలు రెండిటికీ ఒకటే. బరువు తుపాకీలో గోడ మందం ఎక్కువ గనక నిర్లక్ష్యాన్ని కొంత ఓర్చుకుంటుంది, తేలికది ఓర్చుకోదు.

నా తీర్పు ఇది. గోడలు నిలిచి ఉంటే, 28 గ్రాముల తూటాకే కట్టుబడితే, తేలికదాన్నే ఉంచుకోవాలి. దానిలో పనివాడి నేర్పు కనిపిస్తుంది, ఎక్కడ బరువు తీయాలో తెలిసిన చేయి అది. గోడల మీద అనుమానముంటే బరువుదే మేలు. షికారు మాట మరిచిపోవాలి, 1972 వన్యప్రాణి చట్టంతో, 1991లో దానికొచ్చిన సవరణతో ఆ కముజు, ఆ బాతు మన లెక్కలోంచి పోయాయి.

తుపాకీకి ఇప్పుడు మిగిలిన నడక ఒకటే. ఎన్నికలొస్తే బీరువాలోంచి పోలీసు ఠాణాకు, అయిపోయాక ఠాణా నుంచి బీరువాకు. మధ్యలో ఆటోస్టాండు నుంచి ఠాణా మెట్ల దాకా ఉన్న కాస్త దూరం, లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లే మోయాలి. ఇన్నాళ్లకు ఆ ఇంటి భుజానికి 3.4కూ 2.8కీ తేడా తెలుస్తుంది.