నలుని కుండినపురప్రవేశము

నలోపాఖ్యానమును విమర్శించిన పండితులు సాధారణముగా రెండు ఘట్టముల యొద్దనే నిలిచెదరు. ఒకటి హంసదౌత్యము, రెండవది అడవిలో దమయంతీపరిత్యాగము. మొదటిది శృంగారమునకును, రెండవది కరుణమునకును ఆటపట్టని వారి తలంపు. పిమ్మట నలుఁడు బాహుకనామముతో ఋతుపర్ణుని కొలువునఁ జేరుటయు, ఆ కొలువు మూలముననే భార్య యున్న దేశమునకు వచ్చుటయు కథ నతుకుటకు వలసిన వంతెనగా మాత్రమే యెంచఁబడుచున్నవి. పాఠశాలలలో మన మా భాగమును వేగిరముగా దాఁటింతుము. నేనును ముప్పది యేండ్లు అట్లే దాఁటించితిని. ఇప్పుడు నాకుఁ దోఁచునది వేఱు. కొలువు సంపాదించుకొని పరదేశమందున్న భార్యను జేరఁబోవు పురుషుని కథ, నే నెఱిఁగినంతలో, మన ప్రాచీనవాఙ్మయమున నింత సూక్ష్మముగా మఱియొకచోట లేదు. దానిని వంతెన యనుట కవికిఁ జేసిన యన్యాయము.

ఈ తలంపు నాకుఁ బుస్తకములలో దొరకినది కాదు. చీరాలకుఁ జేరువనున్న వాడరేవునుండి వచ్చి నాయొద్దఁ జదివిన విద్యార్థి యొకఁడు దానికిఁ గారకుఁడు. ‘వాడ’ యనఁగా నోడయే, వాడరేవనిన నోడరేవే, వాడబలిజలను పేరునందును ఆ పదమే యున్నది. ఓడలు నిలుచుట మానినను ఊరి పేరున నోడ నిలిచినది. ఈ విద్యార్థి పల్లెకారుల కుటుంబమువాఁడు. తండ్రి పడవపై వేఁటకుఁ బోవును. కొడుకు యంత్రవిద్య నేర్చి పెద్దయోడలలోఁ బనికిఁ గుదిరెను. ఆ సంచారములోఁ బరిచితురాలైన యాంగ్లదేశీయవనితను విధ్యుక్తముగా వివాహమాడెను. ఆమె తన దేశమునకు రమ్మనెను. ఇతఁ డక్కడఁ బని దొరకినఁగాని రానని వ్రాసెను. ఊరిలో ‘ఇల్లరికము పోవుచున్నాఁ’డను మాట యప్పటికే పుట్టినది. ఆ దినములలో నతఁడు నన్నుఁ జూడవచ్చి, నే నెన్నఁడో చెప్పిన పాఠమును జ్ఞాపకము చేసి, యొక ప్రశ్న యడిగెను: “మాస్టరుగారూ, దమయంతి పుట్టింటికిఁ బోదము రమ్మనఁగా నలుఁడు రాననినది కలి ప్రేరణముచేతనేనా?”

అవునని చెప్పఁబోయి ఆఁగితిని. నాఁటి రాత్రి మూలమును దెఱచి చూచితిని.

అరణ్యపర్వమునఁ గథ యిట్లున్నది. రాజ్యము పోయినది. పక్షులు కట్టుబట్టను గూడ నెత్తుకొని పోయినవి. భార్యాభర్తలకు నొక్కటియే వస్త్రము. నలుఁడు దక్షిణాపథమునకుఁ బోవు త్రోవలను జూపుచు విదర్భ మార్గమును బేర్కొనును. దమయంతి యా సూచన గ్రహించి, నన్ను బంధువుల యింటికిఁ బంపఁదలఁచితివేని యిరువురమును గలసియే పోదము, నా తండ్రి నిన్ను గౌరవించును, మా యింట సుఖముగా నుందువనును. నలుని ప్రత్యుత్తరము మిక్కిలి స్పష్టము. నీ తండ్రి రాజ్యము నాదివంటిదే. కాని విపన్నుఁడనై యటకు రాను. సమృద్ధుఁడనై పోయి నీ సంతోషమును బెంచినవాఁడను, దరిద్రుఁడనై పోయి నీ శోకమును బెంచుట యెట్లు? ఇది యతని మాటల సారము.

ఇందుఁ గలి యెక్కడ? కవి యీ సంభాషణమునఁ గలి పేరెత్తలేదు. తరువాత, నిద్రించుచున్న భార్యను విడిచి పోవునపు డెత్తును. కలి యొకవైపునకు లాగుచుండఁగా స్నేహము వేఱొకవైపునకు లాగెనని, హృదయము రెండుగాఁ జీలినట్లయ్యెనని, పోవుచు వచ్చుచు నుండెనని విస్తరించి చెప్పును. కలి చేసిన పనిని గలికి నారోపించుటలో నింత జాగ్రత్త గల కవి, పూర్వసంభాషణమున నూరకుండుట ప్రమాదము కాఁజాలదు. పరిత్యాగము కలికృతము, నిరాకరణము నలకృతము. నిరాకరణమే లేకున్న పరిత్యాగమున కవకాశము లేదు. ఇరువురును విదర్భకుఁ బోయియుండిన కథ యక్కడనే ముగిసియుండును.

అక్షద్యూతము మొదలుగా నలుఁడు కలిచే నావిష్టుఁడే కదా, అతని ప్రతివాక్యమును గలివాక్యమే యని కొందఱందురు. అట్లైనఁ గర్కోటకుని కాటుకుఁ బూర్వము నలుఁడాడిన మంచిమాట లన్నియుఁ గలివే కావలసివచ్చును. భార్యకంటె నౌషధము లేదని యామె చెప్పఁగా నతఁ డంగీకరించిన వాక్యమును గూడఁ గలి పలికెనందుమా?

కాఁబట్టి నలుని నోరు మూయించినది లజ్జ. భార్య దేశమునకు రిక్తహస్తములతోఁ బోవలసివచ్చిన మగవాని లజ్జ. దీనికి మన భాషలో నొక పేరున్నది, అది తిట్టు: ఇల్లరికము. ఇల్లటపుటల్లుని రెడ్లయందును గమ్మవారియందును ధర్మబద్ధమైన యాచారముగా మదరాసు న్యాయస్థానము లంగీకరించినను, నోటిమాటలో నా యెత్తిపొడుపు పోలేదు. అలంకారశాస్త్ర మీ విషయమునఁ బామరులకంటె ముందడుగు వేయలేదు. అష్టవిధనాయికలలోఁ బ్రోషితభర్తృక యున్నది. వసధాతువు నివాసార్థకము, ‘ప్ర’ యనునుపసర్గ తగిలినంతనే యది యింటికి దూరమగుట యైనది. బహువ్రీహిలో భర్త ప్రోషితుఁడు, భార్య నిలిచియుండునది. మగఁడు పోవును, ఆలు వేచియుండును. భార్య యున్నచోటికిఁ బోవు భర్తకు లాక్షణికులు లక్షణము చెప్పలేదు, పేరు పెట్టలేదు. అర్జునుఁడు మణలూరున మూఁడేండ్లుండి, పుట్టిన కొడుకును మామగారి వంశమునకు విడిచినను, అది తీర్థయాత్రలోని యొక మజిలీ యయ్యెనేకాని కాపురమను పేరు పొందలేదు.

ఓడ లెక్కి రంగమునకుఁ బోయిన తెలుఁగుల విషయమైనను నింతే. రంగూనును మనవారు రంగమందురు. అక్కడ రేవులలోను బియ్యపుమిల్లులలోను గూలిచేసినవారిలోఁ గొంద ఱా దేశపు స్త్రీలతోనే సంసారము చేసిరి. 1937లో బర్మా భారతదేశమునుండి విడిపోయినది; 1939లో బౌద్ధస్త్రీలు పరమతస్థులను వివాహమాడిన యెడల వారి హక్కులను గాపాడుటకు నక్కడఁ బ్రత్యేకశాసనము చేసిరి; 1942లో యుద్ధము వచ్చి, వేలకొలఁది జనులు కాలినడకను గొండలు దాఁటి తిరిగివచ్చిరి. ఆ సంసారము లేమైనవో మన కావ్యములు చెప్పవు.

శాసనకర్తలును గవులకంటె మెఱుగు గారు. మన 1955 నాఁటి పౌరసత్వశాసనమున, భారతపౌరులను వివాహమాడిన పరదేశీయులను నమోదుచేయు ఖండములో ‘స్త్రీలు’ అను పదమే యుండెను. భారతీయవనితను వివాహమాడిన పరదేశీయపురుషుఁ డా ఖండమున కందఁడు. 1986 సవరణచే నా పదమునకు ‘వ్యక్తులు’ ఆదేశమయ్యెను. ఏకశేషమునఁ బురుషవాచకము మిగిలి స్త్రీవాచకము లోపించుట వైయాకరణులకుఁ బరిచితము. ఇచ్చట స్త్రీవాచకమే నిలిచి పురుషుఁడు లోపించెను. ఆదేశము రాఁబట్టి ముప్పదియొక్క సంవత్సరములకు వాఁడు మరలఁ గానవచ్చెను. బ్రిటనులోను నట్టి భేదమే యుండెను. అక్కడ స్థిరపడిన ముగ్గురు స్త్రీలు తమ భర్తలను రానీయలేదని వాదింపఁగా, స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, పురుషుఁడు భార్యను రప్పించుకొనుటకంటె స్త్రీ భర్తను రప్పించుకొనుటను గష్టతరము చేయుట లింగభేదపక్షపాతమని 1985 మే 28న తీర్పు చెప్పెను. తీర్పు విని ప్రభుత్వము భర్తల కష్టమును దగ్గింపలేదు. భార్యలకును దానినే విధించెను. సమత్వ మిట్లును సాధింపవచ్చునని మనకుఁ దెలిసినది!

ఇఁక శ్రీనాథుని మాట. శృంగారనైషధము శ్రీహర్షుని ననుసరించినది గావున వివాహానంతరసౌఖ్యముతోనే ముగియును. అందు నలునకుఁ గష్టము లేదు, కొలువు లేదు, వంటపని లేదు. దోషము శ్రీనాథునిది గాదు. కాని తెలుఁగుపండితుని మనస్సున నలుఁడనఁగా నైషధనలుఁడే మెదలుటచే, నన్నయ యారణ్యపర్వమునఁ దెనిఁగించిన నలుఁడు మఱుఁగున పడెను.

భారతనలుఁడు కర్కోటకునిచే వికృతరూపుఁడై యయోధ్యకు వచ్చి, తనకు వచ్చిన విద్యలను జెప్పుకొనును: అశ్వశిక్ష, పాకము, శిల్పములు. ఋతుపర్ణుఁ డశ్వాధ్యక్షపదవి నిచ్చి, పదివేల వేతనము నిర్ణయించును. రాజుగా నున్నప్పుడు వినోదములైన విద్యలే యిప్పుడు కూడు పెట్టినవి. గమనింపుఁడు: ‘విపన్నుఁడనై రాను’ అన్నవాఁడు తుదకుఁ గుండినమునకు వచ్చినది సమృద్ధుఁడై కాదు. పేరు లేక, రూపము లేక, యొకని రథము తోలుచు వచ్చెను. అడవిలోఁ బోయియుండిన నల్లుఁడుగాఁ బోయియుండును. ఇప్పుడు సారథిగాఁ బోయెను. లజ్జ కోరినదానికంటె నెక్కువ వెల పుచ్చుకొన్నది.

కుండినమున దమయంతి చేసిన విచారణ యీ యుపాఖ్యానమునకు శిఖరము. ప్రత్యక్షము పనికిరాదు, రూపము మాఱినది. ఆమె పర్ణాదుఁడు తెచ్చిన మాఱుమాటను శబ్దప్రమాణముగాఁ గొని, దానితోఁ దృప్తి చెందక, కేశినిని బంపి లింగములను బరీక్షింపించెను: కుఱుచద్వార మతనికై యెత్తగుట, చూచినంతనే కుండలు నీటితో నిండుట, గడ్డిపోచ మండుట, నలిపిన పువ్వులు వాడకుండుట. అటుపిమ్మట నతఁడు వండిన మాంసమును రుచి చూచెను. కడపట బిడ్డలను బంపెను, అతఁ డేడ్చెను. ఇన్ని ప్రమాణములు కూర్చిన పరీక్షకురాలు తన పరీక్ష యనుకూలముగాఁ దీరవలెనని కోరుచున్నది. నేఁటి ప్రవేశానుజ్ఞాధికారికిని దమయంతికిని గల భేద మిదియే. అతఁడును లేఖలు, ఛాయాచిత్రములు, దాంపత్యము నిజమని చెప్పు సాక్ష్యములు చూచును. కాని సందేహించుట యతని యుద్యోగము. బ్రిటనులో 1997 వఱకు, దేశప్రవేశమే తన వివాహమునకుఁ బ్రధానప్రయోజనము కాదని యర్థి నిరూపింపవలసిన నియమముండెను. ఒకని మనస్సున నొక సంకల్పము లేకుండుటను నిరూపించుట! అభావము నెట్లు గ్రహింతుమని మీమాంసకులును నైయాయికులును వేయేండ్లు పోరాడిరి. ఆ భారమును వలసపోవు పెండ్లికొడుకుపైఁ బెట్టిరి.

ఆ నియమము పోయినది, వేతనమానము వచ్చినది. అక్కడనున్న భార్యకో భర్తకో సంవత్సరమునకు 18,600 పౌనుల యాదాయ ముండవలెనని 2012లో విధించి, 2024 ఏప్రిలున దానిని 29,000 చేసిరి. విదేశమునుండి వచ్చువాఁడు తన దేశమున నార్జించు జీతము లెక్కకు రాదు. ఋతుపర్ణుఁ డిచ్చిన పదివేలు కుండినద్వారమునఁ జెల్లవన్నమాట. మా వాడరేవు విద్యార్థిని మిక్కిలి బాధించిన దిదియే. ఓడలపై సంపాదించినది లెక్క గాదు, భార్య జీతమే త్రోవ. అది యిల్లరికము గాక మఱేమని యతని వాదము.

విచారణమధ్యమున నలుఁడు కేశినితోఁ బలికిన పలుకొకటి యున్నది. మాటిమాటికి రావలదు, జనులు దోషము శంకింతురు, మేము దేశాతిథులము. ఈ ‘దేశాతిథి’ శబ్దమును వ్యాఖ్యాతలు పరదేశమునుండి వచ్చిన యతిథి యని సులభముగా విడిచెదరు. నాకుఁ దోఁచునది: భీమునకు నతిథి ఋతుపర్ణుఁడు, సారథి కెవ్వ రాతిథేయులు? ఒక యింటికిఁ గాక దేశమునకే యతిథియైనవాఁ డతఁడు. ఆ యింటి యల్లుఁడే యా యింటి వాకిట నిలిచి యీ మాట ననుటలోని వేదనను గవి యొక్కసమాసమున నిమిడ్చెను. అట్టి యతిథిని శంకించుట జనులకు సహజమని నలుఁ డెఱుఁగును. శంకింపవలదని రాజు చెప్పవలెను. వాడరేవునకు దక్షిణముగాఁ గొలఁది క్రోసుల దూరముననున్న మోటుపల్లిలో, గణపతిదేవుఁడు 1244లో నభయశాసనము వేయించెను. పూర్వరాజులు తుపానునఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడల సొమ్ము నంతయు నపహరించుచుండిరనియు, తాను సుంకము దప్ప మిగిలినది విడిచితిననియు నందుఁ జెప్పించెను. ఈ తీరము దేశాతిథుల నెఱుఁగనిది కాదు.

నా వాదమునకుఁ బ్రతికూలమైన యంశ మొకటి మూలమున నున్నది. నిజరూపము పొందిన పిమ్మట నలుఁడు కుండినమున నొక్కమాసమే నిలిచి, కొలఁది పరివారముతో నిషధకుఁ బోయి, పుష్కరుని గెలిచి, తరువాతఁ గదా దమయంతిని రప్పించెను! అనఁగాఁ గథ మరల మగని యింటికే చేరినది. లజ్జయే గెలిచినదని యొకరనిన నేను గాదనలేను. నేననఁగలిగిన దింతే: ఆ మాసమునకుఁ బూర్వము నలుఁడు రిక్తహస్తుఁడై భార్యయెదుట నిలిచెను, ఆమె స్వీకరించెను, రాజ్యము పిదప వచ్చినది.

విద్యార్థి గడచిన వేసవిలోఁ బయలుదేఱెను. అక్కడి రేవుపట్టణమున నింకను బని వెదకుచునే యున్నాఁడఁట. మొన్న వ్రాసిన యుత్తరమున, ఆ నెలదినములు నలుఁడు మామగారి యింట నెట్లు గడపెనని యడిగినాఁడు. వ్యాసుఁడు దానిని విస్తరింపలేదు. ప్రత్యుత్తర మింకను వ్రాయవలసియున్నది.