దేశాటనము – ఇంటిచూపు

దేశాటనమువలన జ్ఞానము పెరుగునని మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ఆ పెద్దలే సముద్రము దాటి వచ్చినవానిని పంక్తినుండి లేపి, ప్రాయశ్చిత్తము చేయించిరి. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని సామెతయు కట్టిరి. ప్రయాణమన్నచో మనకు ఎంత యాశ యుండెనో అంత భయమును ఉండెనని దీనివలన తెలియుచున్నది. నేడు ఆ భయము చాలవరకు పోయినది. గుంటూరులో గాని ఒంగోలులో గాని బిడ్డలలో నొకరు విదేశమున నుండుట ఏ యింటికిని వింత కాదు. తల్లిదండ్రులు ఆరునెలలు అక్కడ నుండి వచ్చి తమ యనుభవములను అచ్చు వేయించుకొనుటయు వాడుక యైనది. యాత్రాగ్రంథములు పెరిగినవి, సంతోషమే. అయినను ఆ గ్రంథములవలన మన చూపు ఏపాటి పెరిగినదని అడుగుట విమర్శకుని పని. ఈ ప్రశ్నను మేము మా ప్రత్తి, మిరప పండు నల్లరేగడి నేలపై నిలిచి అడుగుచున్నాము.

ఇట్టి గ్రంథములు పెక్కింటిలో ఒకే లోపము కనబడుచున్నది. అందు పట్టణము తరువాత పట్టణము వచ్చును. ప్రతి పట్టణమునకును ఒక మేడ, ఒక వంతెన, ఒక జలపాతము ఉండును. అక్కడి వీథులు అద్దములవలె నున్నవని యొక వాక్యము, మన వీథులు గుంతలమయమని వెంటనే మరియొక వాక్యము. ఇంతటితో పాఠము ముగిసినది! ఆ వీథిని ఊడ్చువాడెవడు, వానికి దొరకు కూలి యెంత, వానిని ఆ యూరివారు ఏ మర్యాదతో పలుకరింతురు అను విషయములను రచయిత అడుగడు. చూచినదానిని మెచ్చుకొనుట తేలిక. అది ఏల అట్లున్నదో విచారించుట కష్టము.

ఇందుకొక దృష్టాంతము చెప్పుదుము. గుంటూరినుండి లండనునకు పోయినవారు బ్రిటిషు మ్యూజియములో అమరావతీస్తూపపు శిల్పములను చూచి ఆశ్చర్యపడుదురు. ఆ రాళ్లు 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించినవానిలోనివి. చెన్నపట్టణమున కొంతకాలము ఉండి, 1859లో లండను చేరినవి. గుంటూరినుండి అమరావతికి ఒక పూటలో పోయి రావచ్చును. అట్లు పోని వారు వేల కోసుల దారిలో పోయినట్టుగా శ్రమపడి, మన కృష్ణయొడ్డు రాళ్లను పరాయిగడ్డపై తొలిసారి చూతురు. రాళ్లు ప్రయాణము చేసినవి. మన చూపు మాత్రము గడప దాటలేదు. ఈ మాట నిందకై చెప్పుట లేదు. ఇంటిని చూడనేర్పని ప్రయాణము సగము ప్రయాణమేనని మా యభిప్రాయము.

ఇక మంచి గ్రంథములకు వత్తము. తెలుగు యాత్రాసాహిత్యమునకు తొలిపేరు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఈయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, కలకత్తా చూచి, తూర్పుతీరపు బాటను 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో దానిని ముద్రింపించిరి. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని వెలికిదీసి మరల ప్రకటించి తెలుగువారికి ఉపకారము చేసిరి.

ఈ గ్రంథమునందలి గొప్ప వర్ణనలలో లేదు, ఉపయోగములో నున్నది. ఏ యూరిలో సత్రము కలదు, ఏ మజిలీలో సరకులు దొరకును, ఏ నది యెట్లు దాటవలెను, ఏ సీమలో ఆచారమెట్టిది అను సంగతులు వరుసగా వచ్చును. తన వెనుక మరియొకడు ఈ దారిని రాగలడను తలంపు ప్రతి పుటలోను కనబడును. తన విద్వత్తును చూపుటకు వ్రాసినవాడు నీటియూట సంగతి వ్రాయడు. భాషయు అట్లే; ఆనాటి చెన్నపట్టణపు గృహస్థులు పలుకు తెలుగే అందు కానవచ్చును. యాత్రికుడు తన పాఠకుని తోడి బాటసారిగా నెంచుటయే యాత్రాగ్రంథమునకు ప్రథమధర్మమని మేము దీనినుండి నేర్చుకొంటిమి.

అయినను ఈ గ్రంథమునకు ఒక హద్దు ఉన్నది. వీరాస్వామయ్యగారు పల్లకిలో పోయిరి, బోయీలు మోసిరి. వారును అంత దూరమే పోయిరి, అన్ని నదులును దాటిరి, అన్ని యెండలను ఓర్చిరి. వారి కన్నులకు కాశి ఎట్లు కనబడెనో చెప్పు గ్రంథము మనకు లేదు. ఇది వీరాస్వామయ్యగారి తప్పు కాదు. వ్రాయుట యెవరికి నేర్పితిమి, ఎవరికి నేర్పలేదు అను మన సంఘపు తప్పు.

మరియొక సంగతి. ఆయన తూర్పుతీరపు దారిని తిరిగి వచ్చినది 1831లో. మరుసటి సంవత్సరమే, నందననామ సంవత్సరమున, మా గుంటూరుసీమపై కరువు పడినది. 1832, 33లలో సాగిన ఆ డొక్కల కరువులో జిల్లాలోని 5 లక్షల జనములో ఒకటిన్నర లక్షకు తక్కువ కాకుండ నశించిరని చరిత్రకారులు చెప్పుదురు. కృష్ణకు ఆనకట్ట పూర్తియగుటకు 1855 వరకు వేచియుండవలసి వచ్చెను. ఇది తెలిసి చదివినప్పుడు, సరకు దొరకునా, నీరు గలదా అని యాత్రికుడు మజిలీ మజిలీకి అడిగిన చిన్న ప్రశ్నలు మనకు వేరుగా వినబడును. బాటసారికి ఒక పూట ప్రశ్నలైనవి ఊరివారికి ప్రాణప్రశ్నలు. పరదేశమున చూడవలసినది మేడలకంటె ముందు నీరు, ధాన్యము, కూలి అని ఈ గ్రంథము చెప్పకయే చెప్పుచున్నది.

రెండవదిగా మేము పేర్కొనునది యాత్రాగ్రంథము కాదనియే లోకమెరుగును. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. వేములూరుపాడున 1877లో పుట్టిన ఉన్నవవారు 1910ల దశకమున ఐర్లండునకు పోయి డబ్లినులో బారిష్టరు పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఐరిషువారు స్వాతంత్ర్యమునకై కుతకుతలాడుచున్న కాలమది. తిరిగి వచ్చి, పలనాటి అడవి సత్యాగ్రహమునకై చెర కేగి, 1922లో రాయవేలూరు చెరసాలలో ఈ నవలను వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిదపనే ఆ నిషేధము తొలగెను.

దీనిని యాత్రాసాహిత్యమున చేర్చుట యేమని చదువరులు అడుగవచ్చును. ఐర్లండును చూచి వచ్చినవాడు ఐర్లండును గూర్చి వ్రాయుట సహజము; వ్రాసినచో గౌరవమును దొరకును. ఉన్నవవారు అట్లు చేయక, తన సీమలోనే యున్నను అగ్రవర్ణపు చదువరి యెన్నడును అడుగుపెట్టని పేటకు పాఠకుని తోడ్కొనిపోయిరి. రామదాసు కుటుంబపు కష్టములు, సంగదాసు సేవ, చౌదరయ్య చేతిలో అతని మరణము, కూలివారి కట్టు, ఇవన్నియు గుంటూరుసీమ వాడుకమాటలలోనే చెప్పిరి. బ్రాహ్మణవీథినుండి మాలపల్లెకు అరమైలు దూరము ఉండవచ్చును. ఆ యరమైలు దాటుటకు తెలుగు సాహిత్యమునకు వేయేండ్లు పట్టినది. డబ్లినుకంటె అదియే దూరదేశము.

ఈ నవలయందు లోపములు లేవని మే మనము. ఉపన్యాసములు దీర్ఘములు, కొన్నియెడల పాత్రలు తమ మాటను మాని రచయిత మాటను పలుకును. సంగదాసు మరీ నిర్దోషి. నిర్దోషికి ప్రాణమెక్కుట కష్టము. అయినను విదేశయాత్రయొక్క ఫలము ఎట్లుండవలెనో అడిగినవారికి మేము చూపగలిగిన ఉత్తమోదాహరణము ఇదియే. పొరుగునాటి అన్యాయమును గుర్తించిన కన్ను తన యూరి అన్యాయమును చూచి మూసికొనలేదు.

మూడవది గుఱ్ఱము జాషువగారి 'గబ్బిలము'. వినుకొండలో 1895లో పుట్టిన ఈ కవి 1941లో దీనిని వెలువరించెను. కాళిదాసు యక్షుడు మేఘమును పంపెను. జాషువ నాయకుడు, ఒక అస్పృశ్యుడు, తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలమును కాశీవిశ్వనాథునికడకు పంపును. ఏల గబ్బిలము? అది గుడిలో వ్రేలాడగలదు. ఇతడు గుడివాకిలి తొక్కరాదు. ఇంతకంటె కఠినమైన విమర్శను మేము మరియొకచోట చదువలేదు. యాత్ర యనగానే మనము ధనము, తీరిక, ధైర్యము కావలెనందుము. ఈ కావ్యము వీనికంటె ముందైన ప్రశ్న నడుగుచున్నది: దారి యందరిదేనా? దారి చివరి తలుపు అందరికిని తెరచియున్నదా? మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశమునకు సంపూర్ణాధికారమిచ్చిన శాసనము 1947లో వచ్చెను, అనగా ఈ కావ్యము వెలువడిన ఆరేండ్లకు. శాసనము తెరచిన తలుపును మనస్సు తెరచినదా యని ప్రతి యింటివారును తమలో తాము అడుగుకొనవలసియున్నది.

వీరాస్వామయ్యగారి కాశిని, జాషువగారి కాశిని ప్రక్కప్రక్కన నుంచి చదువుడని మా మనవి. ఒకరు పల్లకిలో పోయి చూచిరి. ఒకరు పోలేనివాని వేదనను పంపిరి. రెండును తెలుగు కాశీయాత్రలే. మొదటిదానిని మాత్రమే చదివినవానికి దేశము తెలియును. రెండింటిని చదివినవానికి దేశములోని గోడలును తెలియును.

స్త్రీల మాటయు చెప్పవలసియున్నది. పోతము జానకమ్మగారు ఇంగ్లండును చూచి వచ్చి వ్రాసిన గ్రంథము 1876లోనే చెన్నపట్టణమున ఆంగ్లభాషలో వెలువడినది. ఇప్పుడు సైతము మన యిండ్లలో ఆ పేరు విన్నవారు అరుదు. భర్తతో పోయిన స్త్రీకి వంటగది మారునే గాని దేశము మారదను స్థితి ఇంకను పోలేదు. విదేశమున కోడలి ప్రసవమునకు పోయిన తల్లులు ఎందరో గలరు. ఆ ఆరునెలలలో వారు చూచిన సంసారములు, ఒంటరితనములు, పొరుగువారి మర్యాదలు వారే వ్రాసినచో జలపాతవర్ణనలకంటె విలువైన గ్రంథములగును.

మా సీమను చూడుడు. నేడు గుంటూరుపేరు వినగానే మిరపయే జ్ఞప్తికి వచ్చును. ఆ మిరప అమెరికాఖండమున పుట్టినది. పోర్చుగీసువారి యోడలలో పదునారవ శతాబ్దమున మన దేశము చేరినది. అంతకుముందు మన కారము మిరియమే. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ఇక్కడ ప్రత్తిధర పెరిగినది. మన పచ్చడియు మన చొక్కాయు ప్రపంచయాత్ర చేసి వచ్చినవే. పరదేశపు మొక్కను ఇంటిమొక్కగా చేసికొన్న మనము పరకులపు మనుష్యుని పంక్తిలో కూర్చుండబెట్టుటకు ఏల సందేహింపవలెను?

ఈ నేలపైకి ఏటేట వచ్చు యాత్రికులు వేరే యున్నారు. సంక్రాంతి దాటినది మొదలు మిరపకోతలకై కర్నూలు పడమటి పల్లెలనుండియు, ప్రకాశము మెట్టసీమనుండియు కుటుంబములు కదలివచ్చును. కర్నూలువారు దీనిని సుగ్గికి పోవుట యందురు. ఆ దినములలో మేము ఈ దారులవెంట పోవునపుడెల్ల కల్లములలో ఎఱ్ఱగా ఎండుచున్న కాయలను, వాని ప్రక్కన గుడారములను, తల్లుల వెంట కాయ లేరుచున్న పిల్లలను చూచుచున్నాము. బడి యూరిలో ఉన్నది. పిల్ల యిక్కడ నున్నది. వీరు మనకంటె తక్కువ దూరము పోవుదురేమో గాని మనకంటె ఎక్కువ నేర్చుకొందురు: ఏ యాసామి కూలి సరిగా నిచ్చును, ఏ యూరిలో త్రాగునీరు పోయుదురు, ఏ యూరిలో కులమడుగుదురు. ఈ జ్ఞానము ఏ గ్రంథమునకును ఎక్కలేదు. వీరాస్వామయ్యగారి మజిలీప్రశ్నలనే వీరును అడుగుచున్నారు. వ్రాసికొనుటకు చదువు లేదు.

ప్రకాశముజిల్లా చవటపాలెమున పుట్టిన ఆచార్య మాచవరపు ఆదినారాయణగారు కాలినడకను యాత్రలు చేసి గ్రంథములు వ్రాసి, స్త్రీయాత్రికులను గూర్చియు వ్రాసి, ఇతరుల ప్రయాణములను కూర్చి ప్రకటించుట మనకు మేలు. నడచువాడు పలుకరింపక పోలేడు. నీ రడుగక పోలేడు. అడిగినవానికి ఇచ్చువాని ముఖము తెలియును. వాహనము పెరిగిన కొలదిని దూరము తగ్గునే గాని పరిచయము పెరుగదు.

కావున యాత్రలు వ్రాయబూనువారికి మా మనవి స్వల్పము. చూచిన మేడలతోపాటు మోసినవారిని వ్రాయుడు. తిరిగి వచ్చిన తరువాతి ప్రకరణమును విడువకుడు. అక్కడ అందరితో కలిసి ఒకే బల్లపై భుజించినవారు ఇక్కడ ఇంటిపనిమనిషికి వేరు గ్లాసు ఉంచిరా, తీసివేసిరా అను సంగతియే ఆ గ్రంథమునకు నిజమైన ముగింపు. చదువరులైన గృహస్థులకు మరియొకటి: వచ్చే మిరపకోతలనాడు మీ యూరికి వచ్చిన పిల్లలకు మీ యూరిబడిలో చోటు దొరకునట్లు చూడుడు. వారిలో నొకరు చదువు నేర్చి తన తల్లి నడచిన దారిని వ్రాసిననాడు, తెలుగు యాత్రాసాహిత్యమున ఇంతవరకు లేని గ్రంథము ఒకటి మనకు దొరకును.